దొర ముట్టని కూడు

కోడుమూరు,
4-2-2025, మంగళవారం

చెల్లెలు లక్ష్మీదేవికి,

నీ అక్క సిద్దమ్మ ఈ జాబు కోపంగానే మొదలుపెడుతోంది. అయినా ముందు అడగాల్సినవి అడుగుతాను. మరిది సుబ్బయ్యకు కాళ్ల వాపు తగ్గిందా? గుండె డాక్టరు ఇచ్చిన మాత్రలు మింగుతున్నాడా, దవడలో దాచి కిటికీలోంచి ఊసేస్తున్నాడా? నీ మోకాలు కూతురు జ్యోతి వాళ్ల మేడమెట్లు ఎక్కనిస్తోందా? జ్యోతికి తలనొప్పి ఎట్లుంది? అల్లుడు భూపేష్ బండి మీద పోయేటప్పుడు తలకు హెల్మెట్ పెట్టుకుంటున్నాడా? కర్నూలులో లారీలు ఎట్లా తోలుతారో నేను చూసినాను. ఇక్కడ నాకు చెవులు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. చెవిలో పెట్టుకునే మిషను ఫోన్ దగ్గర పెడితే కుయ్యిమని అరుస్తుంది. అందుకే జాబే రాయి. మన చిన్న ఈరన్న కూరగాయల ఆటో రోజు మార్చి రోజు కర్నూలుకు వస్తుంది, అతని చేతికియ్యి.

ఇక నీ కుక్క సంగతి. మరిది దానికి దొర అని పేరు ఎందుకు పెట్టినాడో గానీ, అది తనను తాను దొర అనే అనుకుంటోంది. జ్యోతి వాళ్ల ఇంటి ఓనరు కుక్కను మెట్లెక్కనియ్యడని, మరిది వైద్యానికి కర్నూలు పోతూ పత్తికొండ ఇంటికి తాళం వేసి దాన్ని నా దగ్గర దించిపోయి ఆరు రోజులైంది. ఈ ఆరు రోజుల్లో అది కడుపారా తిన్నది ఒకే ఒక్కటి, నా తోలు చెప్పు. అది కూడా ఎడమకాలిదే.

పశువుల డాక్టరు రాసిచ్చిన చీటీ గోడకు అంటించుకున్నాను. కాలేయం చెడి కడుపులో నీరు చేరింది, ఉప్పు, నూనె, కారం, బొక్కలు ముట్టించవద్దు. బియ్యం, గుమ్మడికాయ మెత్తగా ఉడకేసి, కోడిగుడ్డులో తెల్లది కలిపి పెట్టాలి. నెల రోజులు ఇదే తింటే నిలబడుతుంది, లేకపోతే చెప్పలేను అన్నాడని నువ్వే అన్నావు. అట్లాగే చేస్తున్నాను. మా అత్త నేర్పిన పద్ధతి నీకు తెలుసు, నోరు లేనిదానికి పెట్టకుండా నేను ముద్ద ముట్టను. పొద్దున పొయ్యి మీంచి దించగానే మొదట దానికే పెడతాను. కొత్త స్టీలు తట్టలో పెట్టి ఎదురుగా నిలబడతాను. అది వాసన చూస్తుంది. తర్వాత, పెళ్లిలో సరిగా మర్యాద జరగని వియ్యంకుడి మాదిరి నా మొహం చూసి, మంచం కిందికి పోతుంది. అది తినక, నేను తినలేక, పదకొండు దాటుతుంది.

చీటీ ఇచ్చి కుక్కను ఇచ్చి పోయినావు. ఎట్లా తింటుందో మాత్రం చెప్పలేదు. వెంటనే రాయి.

అక్క సిద్దమ్మ

---

కర్నూలు,
8-2-2025

అక్కకు లక్ష్మీదేవి నమస్కారాలు.

నీ జాబు ఈరన్న ఇచ్చినాడు. నీ అక్షరాలు నాకు కూడి రావు గనక జ్యోతి చదివి వినిపించింది, ఈ జవాబు కూడా నేను చెబుతుంటే అదే రాస్తోంది.

నువ్వు అడిగినవాటికి జవాబు. ఆయన కాళ్లు ఇంకా వాచే ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉంటుంది. డాక్టరు ఉప్పు దాదాపుగా మానేయమన్నాడు, మళ్లీ వాపు పెరిగితే ఆస్పత్రిలో చేర్చుకోవాలన్నాడు. ఈయన తినడు. నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకుని "ఇది కూడేనా? గోడకు కొట్టే సున్నమా?" అని తట్ట తోసేస్తాడు. రోజూ పన్నెండుకు ఆయనకు విడిగా వండి, వేడివేడిగా ముందు ఆయనకే పెడుతున్నాం. ఇంట్లో ఇంకెవరికీ అంత మర్యాద లేదు.

తట్ట ముందు పెట్టగానే మొదట అడిగేది దొర గురించే. "దొర తిన్న్యాడంటనా?" అంటాడు. తిన్నాడని చెబితే రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయి. అందుకని బాగా తింటున్నాడనే చెబుతున్నాను.

మా ఇంట్లో దొర ఏనాడూ కూటికి వంక పెట్టలేదక్కా. రోజూ రొట్టెలు తిన్నాడు, తట్ట ఖాళీ చేసినాడు. నీ దగ్గరే ఎందుకు తినడో నాకు తెలియదు. కొంచెం ఓపికగా, ప్రేమగా పెట్టి చూడు. నీకు కోపం ఎక్కువ, అది కుక్కలకు తెలుస్తుంది.

నీ చెల్లెలు
లక్ష్మీదేవి

---

కోడుమూరు,
12-2-2025, బుధవారం

లక్ష్మీదేవీ,

ప్రేమగా పెట్టమని నాకు రాసినావు. చదివి చదివి జాబు మడత దగ్గర చినిగింది.

ఎంత ప్రేమగా పెట్టినానో విను. గుమ్మడికాయ ముక్కలుగా ఉంటే ఏరి తట్ట బయట వరసగా పెట్టింది, అందుకని మెత్తగా పిసికినాను. పిసికితే అన్నం కూడా వదిలేసింది. మజ్జిగ పోస్తే మజ్జిగ నాకి అన్నం ఆరబెట్టింది. సొరకాయ మార్చినాను. తట్ట నచ్చలేదేమో అని మట్టిమూకుడులో పెట్టినాను. ఈరన్న చూసి, "ఏంది సిద్దవ్వా, కొత్తల్లునికి పెట్టినట్ల పెడ్తాండావు, ఇంక ఆకు ఏసి విస్తరి పరుచు" అని నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. దాని వీపున ఎముకలు లెక్కపెట్టవచ్చు, కడుపు మాత్రం కుండ మాదిరి ఉంది. అది పడుకుంటే ఊపిరి ఆడుతోందా లేదా అని నేను గంటకొకసారి వంగి చూస్తున్నాను. వంగితే నడుము పట్టేస్తోంది.

ఇంకొకటి. మొన్న పక్కింటి రాహేలమ్మ ఎండుచేపలు వేయించింది. నీ దొర గోడ దూకి పోయి వాకిట్లో కూర్చున్నాడు, ఆమెకు సంగతి తెలియక జాలిపడి తోకలు, తలకాయలు అన్నీ పెట్టింది. చేపల్లో ఎంత ఉప్పుంటుందో నీకు చెప్పాలా? ఆ సాయంత్రమంతా కక్కినాడు. ఆమెను నేను నోటికొచ్చినట్లు తిట్టినాను, పాపం. ముప్పై ఏళ్లుగా ఒక్క మాట పడని మనిషి, మూతి ముడుచుకుని తలుపేసుకుంది. అప్పటినుంచి దొరను స్తంభానికి కట్టేస్తున్నాను. వేరే దారి లేదు.

ఇట్లాగే ఉంటే ఈ కుక్క శివరాత్రి దాకా ఉండదు. నిజం చెబుతున్నాను.

సిద్దమ్మ

---

కర్నూలు,
15-2-2025

అక్కా,

నువ్వు ఏం చేసినావో నీకు తెలుసా?

జ్యోతి నీ జాబు పైకి చదువుతుంటే ఆయన పక్క గదిలోనే ఉన్నాడు. "శివరాత్రి దాకా ఉండదు" అన్న మాట విన్నాడు. లేచి వచ్చి జాబు లాక్కుని తానే మొత్తం చదివినాడు. నా మొహం చూసి, "ఇన్ని దినాలు అబద్ధం చెప్తాంటివా?" అన్నాడు, అంతే. నిన్న పొద్దున నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మాత్రలు కూడా ఖాళీ కడుపుతోనే వేసుకున్నాడు. డాక్టరు అరిచినాడు. ఆ జాబు రాసేముందు ఒక్కసారి ఆలోచించి ఉంటే ఏమయ్యేది?

పైగా కట్టేసినావు! ఈరన్నను అడిగితే "పగ్గమేసి కట్టేసిండాదమ్మా, ఎద్దును కట్టినట్ల" అన్నాడు. పన్నెండేళ్లలో దొర మెడకు మేం ఒక్కరోజు తాడు వేయలేదు. కట్టేసిన కుక్క ఎందుకు తింటుంది? నీ దగ్గర వదలవద్దని ఆ రోజే నా మనసు చెప్పింది. మా పాడి ఎనుమును నీ దగ్గర వదిలి పోయినప్పుడు ఏం జరిగిందో మర్చిపోయి మళ్లీ అదే పని చేసినాను. తప్పు నాదే.

లక్ష్మీదేవి

---

కోడుమూరు,
17-2-2025, సోమవారం

లక్ష్మీదేవికి,

మీ ఇంట్లో ఎవరు ఎట్లున్నారని ఈసారి అడగను.

నేను నీకు రాసిన జాబు నీ మొగుడు వింటాడని నాకేం తెలుసు? నువ్వు అబద్ధం చెబుతున్నావు కాబట్టి నేను కూడా అబద్ధమే రాయాలా? కుక్క బాగా తిని తోక ఊపుతోందని రాసి, అది చచ్చిన తర్వాత ఏం రాసేది?

ఎనుము మాట ఎత్తినావు కాబట్టి నేనూ ఎత్తుతాను. ఇరవై రెండేళ్లుగా మింగి మింగి ఉన్నాను. జ్యోతి పెద్ద చదువు కోసం మీరు కర్నూలులో ఉన్న రోజుల్లో నీ ఎనుమును నాకు అప్పజెప్పినావు. దానికి గొంతువాపు వచ్చింది. రెండు రోజులు నేను దాని పక్కనే కూర్చున్నాను. మా ఆయన అప్పటికి బతికే ఉన్నాడు, పత్తికొండ దాకా పోయి సూది మందు తెచ్చేలోపల అది పోయింది. ఆ వారం మా ఊళ్లో ఇంకా ఏడు పోయినాయి. నువ్వు వచ్చినావు. కొట్టం ముందర పదిమంది ఆడవాళ్లు నిలబడి ఉండగా, "మా యక్క చేతిలో ఏదీ బతకదు" అన్నావు.

ఆ మాట ఎనుము గురించి అన్నావా? నా కడుపున పుట్టి నెల తిరగకుండా పోయినారే ఇద్దరు, వాళ్లను మనసులో పెట్టుకుని అన్నావా? ఇరవై రెండేళ్లుగా నాకు తెలియదు. అడగలేదు. అడిగితే నువ్వు అవునంటావేమో అని అడగలేదు.

ఇప్పుడు ఈ కుక్క నా ఇంట్లో తినక పడి ఉంది. అది నా చేతిలో పోతే నువ్వు మళ్లీ ఏమంటావో నాకు తెలుసు. నువ్వు అనకపోయినా నాకు వినపడుతుంది. ఈ పాడు చెవులకు అదొక్కటే బాగా వినపడుతుంది. ఈరన్న ఆటోలో టమాటా గంపల మధ్య కూర్చోబెట్టి పంపేస్తాను. ఓనరు మెట్లెక్కనియ్యకపోతే ఓనరు కాళ్లు పట్టుకో.

సిద్దమ్మ

---

కోడుమూరు,
23-2-2025, ఆదివారం

లక్ష్మీదేవికి,

నీ జవాబు రాలేదు. రాకపోయినా రాస్తున్నాను. కుక్కను పంపలేదు. ఆటో ఎక్కిద్దామని తాడు విప్పితే ఈరన్న దాన్ని చూసి, "అవ్వా, ఇది దావలోనే పోతాది, నా బండిలో వద్దు" అన్నాడు. ఇంట్లోకి తెచ్చి మళ్లీ కట్టలేదు. దూకే ఓపిక దానికి ఎట్లాగూ లేదు.

ఇక నిన్నటి సంగతి. నిన్న శనివారం, నాకు ఒక్క పొద్దు. మధ్యాహ్నం ఒక పూటే తింటాను. శనివారం నా ఇంట్లో గుడ్డు ఉడకదు గనక దొరకు ఉత్త గుమ్మడికాయ, బియ్యం వేసి పొయ్యి మీద పెట్టినాను. అది ఉడికీ ఉడకక ముందే గ్యాస్ అయిపోయింది. కాస్త పలుకు మీద ఉన్నా అట్లాగే దించి, మామూలుగా దాని ముందు పెట్టినాను. మామూలుగానే వాసన చూసి మొహం తిప్పుకుంది. నాకు రొట్టె చేసుకోను మంట లేదు. రాహేలమ్మను అడుగుదామంటే ఆమె నాతో మాట్లాడటం లేదు. ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి. నీ మీద, నీ మొగుని మీద, ఆ కుక్క మీద, డాక్టరు మీద, గ్యాస్ బండ మీద ఒక్కసారిగా వచ్చింది చూడు కోపం. కుండలో మిగిలింది తట్టలో వేసుకుని, దాని ఎదురుగా నేల మీద కూర్చుని, "నువ్వు తినొద్దు పోరా, ఎవనికి కావల్ల! నేను తింటాండా చూడు!" అని అరిచి తినడం మొదలుపెట్టినాను. ఉప్పు లేదు, కారం లేదు. లక్ష్మీదేవీ, నీ మొగుడు అన్నది నిజమే, సున్నమే. అయినా కోపంతో తిన్నాను.

రెండు ముద్దలు తిన్నాను. దొర లేచినాడు. వారం రోజులుగా నిలబడనివాడు లేచి, మెల్లగా వచ్చి, నా ఎడమ పక్కన కూర్చున్నాడు. తట్టలో మూతి పెట్టలేదు. మూడో ముద్ద నోటి దగ్గరకు తీసుకుంటే ముందు కాలు నా మోకాలి మీద పెట్టినాడు. అడుగుతున్నట్లు కూడా లేదు. "నా వంతు వచ్చింది" అన్నట్లు పెట్టినాడు. ఆ ముద్ద ఇచ్చినాను. నా చేతిలోనే తిన్నాడు. తర్వాత నేనొక ముద్ద, వాడొక ముద్ద. కుండ అడుగు దాకా తిన్నాం. నా చేయంతా నాకినాడు. నేను ఆ కుండ ముందర కూర్చుని ఎంతసేపు ఏడ్చినానో తెలియదు. రాహేలమ్మ వచ్చి, "ఏమైంది సిద్దమ్మా, కుక్క పాయనా?" అంటే, "తిన్న్యాది" అని ఇంకా ఏడ్చినాను. ఆమె వాళ్ల పొయ్యి మీద నాకు టీ కాచి ఇచ్చింది.

ఈరోజు పొద్దున మళ్లీ చూసినాను. ముందు దానికి పెట్టినాను, ముట్టలేదు. నేను తిని ఇస్తే తిన్నాడు. అంటే మీ ఇంట్లో ముందు మనిషి తిన్న తర్వాత, ఆ మనిషి తట్టలోంచి ఆ చేత్తో ఇస్తేనే వాడు తినేది. ఈ ముక్క నాకెందుకు చెప్పలేదే నువ్వు? నా ఇంట్లో గొడ్డుకు ముందు పెట్టి మనిషి తర్వాత తింటుందని నీకు తెలియదా? ఇరవై నాలుగు రోజులు మర్యాద చేసి ఆ మర్యాదతోనే దాన్ని చంపబోయినాను! నీకు నోరుందా, ఎనుము గురించి మాట్లాడటానికే ఉందా?

ఇకమీదట రోజూ రెండు పూటలా ఆ సున్నం నేనూ తినాలి. డెబ్భై నాలుగేళ్ల ముసలిదాన్ని, ఒకరి కుక్క కోసం తింటున్నాను. ఈ మాట నీ మొగునికి పైకి చదివి వినిపించు. ఈసారి దాచవద్దు.

సిద్దమ్మ

---

కర్నూలు,
2-3-2025

అక్కకు,

నీ రెండు జాబులూ నా దగ్గరే ఉన్నాయి. మొదటిదానికి ఏం రాయాలో తెలియక మూడుసార్లు కాగితం తీసి మళ్లీ లోపల పెట్టినాను.

దొర ఎట్లా తింటాడో నేను దాచలేదు. నాకే తెలియదు. జొన్నరొట్టె వేడిమీదే తినాలి కదా, నేను పొయ్యి దగ్గర నుంచి లేచేదాన్ని కాదు. ఒక్కొక్కటే కాల్చి వేస్తే ఆయన తట్టతో అరుగు మీదికి పోయేవాడు. తట్ట ఖాళీగా వచ్చేది, ఇంకొకటి వేసేదాన్ని. ఆ ఇంట్లో నలభై ఐదేళ్లూ ఆయన తింటుంటే నేను చూసింది లేదు, ఆయనతో కూర్చుని తిన్నది లేదు. కుక్కతో కూర్చుని తింటున్నాడని నీ జాబు చూసే తెలుసుకున్నాను.

నువ్వు చెప్పినట్లే పైకి చదివించినాను. ఆయన నవ్వినాడు. ఈ ఊరు వచ్చినాక అదే మొదలు. కానీ కూడు పెడితే మళ్లీ మామూలే, తోసేసినాడు. అప్పుడు నాకు అనిపించింది. పన్నెండు గంటలకు ఆయన్ను ఒక్కడినే గదిలో కూర్చోబెట్టి, ముందుగా పెట్టి, ముగ్గురం నిలబడి నోట్లోకి చూస్తున్నాం. ఆయన తోసేసిన తర్వాత మేం వంటింట్లో కూర్చుని ఊరిబిండి పచ్చడి వేసుకుని తింటున్నాం. ఆ వాసన ఆయన మంచం దాకా పోతుంది.

మొన్న శుక్రవారం ఒకే కుండ వండినాను. రెండు తట్టలు తీసుకుని పోయి ఆయన పక్కన కూర్చుని నేను ముందు తినడం మొదలుపెట్టినాను. కాసేపు చూసినాడు.

"నీకేమొచ్చిందే రోగం?" అన్నాడు.

"నీకొచ్చిందే" అన్నాను.

తట్ట దగ్గరకు లాక్కున్నాడు. మొత్తం తిన్నాడని రాయను, నీకు అబద్ధం రాయకూడదని అనుకున్నాను. సగం తిన్నాడు. నిన్న సగానికి ఎక్కువే తిన్నాడు. ఈరోజు నొక్కితే గుంట కొంచెం త్వరగా పూడింది.

ఇంకొకటి రాయాలి. ఈ మాట జ్యోతి చేత రాయించకుండా నేనే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి. ఆ రోజు కొట్టం ముందర అన్నది ఎనుము గురించే. నా తల్లి తోడు, ఆ పసిబిడ్డలు నా మనసులో లేరు. చిన్నవాణ్ణి ఆఖరి రోజు ఎత్తుకున్నది నేనే కదా అక్కా, వాళ్లను పెట్టుకుని ఎట్లా అంటాను? కానీ ఎనుము గురించైనా ఆ మాట అనకూడదు. పదిమందిలో అనకూడదు. మొన్న మళ్లీ రాసి ఉండకూడదు.

ఆయనకు దొరను చూడాలని ఉంది. డాక్టరు ఒక పూట పోయి రావచ్చన్నాడు, ఎండ ముదరకముందు. నువ్వు రమ్మంటేనే వస్తాం.

లక్ష్మీదేవి

---

కోడుమూరు,
6-3-2025, గురువారం

చెల్లెలు లక్ష్మీదేవికి,

నీ వంకర అక్షరాలు నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. ఎవరికీ చూపలేదు. దాని గురించి జాబులో ఏమీ రాయను. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు తిడతాను.

నువ్వు రమ్మంటేనే వస్తాం అని రాసినావు చూడు, దానికి మాత్రం ఇప్పుడే తిడుతున్నాను. నా ఇంటికి రావడానికి నీకు పిలుపు కావాలా? నీకు పేలు చూసింది నేను కాదా?

దొరకు నిన్న పశువుల డాక్టరు కడుపు నొక్కి చూసినాడు. నీరు తగ్గుతోందన్నాడు. అయితే పొంగిపోవద్దు, వయసు పన్నెండు, ఇంకా ఆరు నెలలు ఇదే కూడు పెట్టాలన్నాడు. ఆరు నెలలు నేను ఉప్పు లేకుండా తినాలి. మొన్న రాహేలమ్మ "నా చేతి మీదుగా పెడతా, నువ్వు సుఖంగా తిను" అంది. దొర ఆమె ముద్ద ముట్టలేదు. నా చేతిదే కావాలంట. నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆ మాట ఊళ్లో నలుగురికీ చెప్పుకుని వచ్చినాను.

ఇంక వినండి. అల్లుడు బండి మీద తీసుకొస్తానంటే వద్దని చెప్పు, మరిదికి కుదుపు పనికిరాదు. బస్సులో ముందు సీటు పట్టుకోండి. తలకు తుండు చుట్టమను. మాత్రలు మర్చిపోవద్దు. ఊరగాయ జాడీ, ఎండుచేపల డబ్బా, ఉప్పు గిన్నెతో సహా అన్నీ రాహేలమ్మ ఇంట్లో పెట్టించి గొళ్లెం వేయించినాను, కాబట్టి మరిది నా వంటింట్లో వెతుక్కోనక్కరలేదు. ఆ రోజు పొయ్యి మీద ఒకే కుండ. కాల్చి కాల్చి వేసే రొట్టెలు లేవు, నువ్వు పొయ్యి దగ్గర కూర్చోవడం లేదు. నలుగురం నేల మీదే కూర్చుంటాం. ముందు ముద్ద నీ మొగుణ్ణి తినమను, దొర ఆయన చేతి కోసం చూస్తాడు. ఆయన తట్ట తోసేస్తే దొర కూడా తోసేస్తాడు, అది బాగా గుర్తుపెట్టుకోమను.

వచ్చే బుధవారం, మార్చి పన్నెండో తేదీ, పొద్దున ఎనిమిది గంటల బస్సుకు ఎక్కండి. నేనూ దొరా బస్టాండులో ఉంటాం.

అక్క సిద్దమ్మ